మూడున్నర లీటర్ల ఆయిల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బెజవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ షెడ్డు చుట్టుపక్కల అందరికీ తెలుసు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ కోపమంతా ఆయిల్ మీదే ఉండేది. బళ్లవాళ్లు అది నల్లగా తారులా అయితే తప్ప మార్చరు. మార్చినా చేతికందిన డబ్బా పోసేస్తారు. హండ్రెడ్ సీసీ బండి ఎలాగో భరిస్తుంది. ఆరొందల సీసీ, నాలుగు సిలిండర్ల బండి భరించదు. అందులో ఇంజను, గేర్లు, క్లచ్చి మూడూ ఒకే ఆయిల్‌లో తిరుగుతాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్చి జారుతుంది. ఫిల్టరు కూడా మారిస్తే మూడున్నర లీటర్లు, అంతకు చుక్క ఎక్కువ వద్దని గొంతు చించుకునేవాణ్ణి.

అలాంటి బండి నా దగ్గరికి వచ్చేది ఒక్కటే. పామర్రు దగ్గర చేపల చెరువులున్న ఒక ఆసామి దాన్ని బొంబాయిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన ఎక్కి తిరగడమే గాని మరేమీ పట్టించుకోడు. దాని మంచీ చెడూ చూసేది ఆయన చేపల వ్యాను డ్రైవరు. ఆదివారం చర్చి నుంచి రాగానే అతను బండి తుడుస్తూ కూర్చునేవాడట.

ఒక మధ్యాహ్నం ఆ డ్రైవరు ఫోన్ చేసి, ఆయిల్ ఎంతుందో ఎలా చూడాలని అడిగాడు. నేను వేరే ఇంజను విప్పి ఉన్నాను. చేతులు జిడ్డు, రిసీవరు చెవికీ భుజానికీ మధ్య.

"స్టాండ్ వేసి కుడిపక్క గాజుబిళ్లలో చూడవయ్యా. పై గీత దాకా ఉండాలి. తగ్గితే పోసెయ్," అన్నాను.

మన దగ్గర స్టాండ్ వేయడమంటే నడిమి స్టాండే. మామూలు బళ్లన్నిటికీ అది ఉంటుంది, వేస్తే బండి నిటారుగా నిలబడుతుంది. ఈ బండికి అది లేనే లేదు. ఉన్నది పక్క స్టాండ్. అది వేస్తే బండి ఎడమకు ఒరిగి, ఆయిలంతా అటు పోయి, కుడిపక్క గాజు ఖాళీగా కనిపిస్తుంది. ఇంజను కాసేపు తిప్పి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి, ఒకరు బండిని నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు చూడాలి. ఇదంతా నాకు కంఠస్థం. అయినా అలవాటు మాటే వాగి, విసుగ్గా రిసీవరు పెట్టేశాను.

అతను గీత దాకా పోశాడు. లీటరు పైనే పట్టిందట. రెండు రోజులకు కంకిపాడు దాటాక బండి నీలం పొగ కక్కి ఆగిపోయింది. దాన్ని చేపల వ్యానులోనే ఎక్కించి తెచ్చారు. ఎక్కువైంది పైకి తన్ని, ఎయిర్ ఫిల్టరు పెట్టె నిండా ఆయిలే. ఆసామి అందరి ముందూ డ్రైవర్ని తిట్టాడు. నాకూ ఒళ్లు మండింది. బంగారం లాంటి బండికి ఈ గతి పట్టిస్తావా అని నేనూ ఎగిరాను.

"మీరేగదండీ స్టాండ్ వేసి చూడమన్నారు," అన్నాడు అతను.

ఆసామి నా వైపు తిరిగాడు. ఆ బండి గురించి తెలిసినవాణ్ణి బెజవాడలో నేనొక్కణ్ణే అన్న పేరు నాది.

"నిటారుగా పట్టుకుని చూడమన్నాను. నీ చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?" అన్నాను.

అతను నన్ను చూశాడు. "నేనే సరిగా వినలేదేమోనండీ," అన్నాడు.

వ్యాను తాళాలు ఇచ్చి పొమ్మన్నాడు ఆసామి. అతను వాటిని నా బల్ల మీదే పెట్టి బస్సు కోసం నడిచి వెళ్లాడు. ఆ రోజంతా షెడ్డులో ప్రతివాడి మీదా అరిచాను. నా మీద నాకున్న కోపానికి వాళ్లు తిట్లు తిన్నారు.

ఎక్కువైన ఆయిల్ తీసేసి, పెట్టె కడిగి, ఫిల్టరు మార్చాను. బండికి ఏ లోటూ రాలేదు.

కొన్ని నెలల తర్వాత పామర్రు సెంటర్లో అతను కనిపించాడు. ఎవరిదో లారీలోకి చేపల ట్రేలు ఎత్తుతున్నాడు. నన్ను చూసి ట్రే దించి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

"బండి బాగైందాండీ?" అని అడిగాడు. "అప్పటినుంచీ అదే బెంగండీ నాకు."

"బాగైంది," అన్నాను. అప్పుడు కూడా అంతే చెప్పాను.