నాన్నగారికి నచ్చిన రెండు రంగుల ఫోటో

డిగ్రీ సెలవుల్లో రావులపాలెంలోని మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, రెండే రంగులతో ఫోటోలు చేయడం నేర్చుకుంటున్నాను. మొదట్లో రెండూ ముదురు రంగులే వేయడంతో ముఖాలు బురదలా కలిసిపోయేవి. చివరికి నీడలకు ముదురు నీలం, వెలుగుకు లేత పసుపు వేస్తే మా అరటి మార్కెట్ ఫోటోకు ప్రాణం వచ్చింది.

అరటి వ్యాపారం చేసే మా నాన్నగారికి చూపించాను.

"ఇది బాగుందమ్మా. ఉన్నది ఉన్నట్టు తీశావు," అన్నారు.

"రంగులన్నీ మార్చేశాను కదా నాన్నగారూ."

"ఏం మార్చావు? మార్కెట్ ఇలాగే కదా ఉంటది."

నేను కుర్చీలోంచి ఆయన వైపు తిరిగాను.

"మరి మార్కెట్లో ఎర్ర చక్కెరకేళి గెలకీ, పచ్చి గెలకీ రంగులో తేడా?"

"రెండూ ఇంచుమించు ఒకటే రంగు. చేత్తో పట్టుకుంటే తెలిసిపోద్ది."

నాన్నగారికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియదని, నీలం, పసుపు మాత్రం బాగా కనిపిస్తాయని మర్నాడు పరీక్ష చేసిన కళ్ల డాక్టరుగారు చెప్పారు. ఆ సాయంత్రం ఆ ఫోటో ముందు కూర్చుని, ఆయన కళ్లతో మా ఊరిని మొదటిసారి చూశాను.