జంగయ్య అడగలేకపోయిన బాల్ జాయింట్

ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు మొదట్లో జంగయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, పంచర్లతో మొదలుపెట్టి, జీపులకూ సుమోలకూ ముందు చక్రాల పని చేసేదాకా ఎదిగాడు. టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరితే చాలు, ఏ అంచు ఎందుకు అరిగిందో చెప్పేవాడు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లో నిలబడ్డాయి. ఊళ్లకు పోయే జనానికి సుమోలే దిక్కయ్యాయి. డ్రైవర్ జానయ్య సుమో ఎల్బీనగర్‌కూ చౌటుప్పల్‌కూ మధ్య రోజంతా తిరిగేది. లోపల పదిహేను మంది, పైన ఇంకో నలుగురు. ఒక పొద్దున అతను షెడ్డు ముందు బండి ఆపాడు.

"అన్నా, స్టీరింగు ఎడమకు గుంజుతాంది. జర చూడు."

జంగయ్య జాకీతో బండి ఎత్తి, టైరును మీదా కిందా పట్టుకుని ఊపాడు. లోపల టక్కుమంది. టైరు లోపలి అంచున దారాలు తేలాయి. చక్రాన్ని మోసే కింది బాల్ జాయింట్‌కు రబ్బరు చిరిగి, గ్రీజంతా కారిపోయింది.

"ఇది పోయింది జానయ్యా. గిట్లనే తిప్పితే చక్రం మడతపడుతది. కొత్తది ఏసేదాక బండి తియ్యకు."

రెండు దుకాణాలకు ఫోన్ చేస్తే సమ్మెతో సరుకు రాలేదన్నారు. ఇక మిగిలింది దిల్‌సుఖ్‌నగర్‌లో వెంకట్రావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. జంగయ్య పదేళ్లుగా సామాను తెచ్చుకునేది అతని దగ్గరే. కిందటి నెల తెలంగాణ ఊరేగింపులో ఎవరో రాళ్లేసి ఆ దుకాణం అద్దాలు పగలగొట్టారు. ఆ గుంపులో జంగయ్య ఉన్నాడు. మెట్ల మీద నిలబడ్డ వెంకట్రావు అతణ్ణి చూశాడు కూడా. ఆ రోజు నుంచి షట్టర్ తెరుచుకోలేదు.

జంగయ్య బైకు మీద వెళ్లాడు. వెంకట్రావు ఇల్లు దుకాణం పైనే. మెట్లెక్కి, బెల్లు దాకా చెయ్యి లేపాడు. ఏ ముఖంతో అడగాలో తెలియలేదు. వెనక్కి దిగొచ్చాడు.

"దొరకలె," అన్నాడు జానయ్యతో.

"దవాఖాన నుంచి పోయేటోళ్లు ఎదురుచూస్తున్నరన్నా. ఒక్క ట్రిప్పు. మెల్లగ పోత."

జంగయ్య అరిగిన టైరు తీసి స్టెప్నీ వేశాడు. గ్రీజు కూరాడు. "నలభై దాటొద్దు," అని తాళంచెవి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ముందు చక్రం లోపలికి మడతపడి, బండి రోడ్డు దిగి బోల్తా కొట్టింది. జానయ్య పోయాడు. ఆపరేషన్ చేయించుకుని ఊరికి పోతున్న రాములమ్మ అనే ముసలామె కూడా పోయింది.

పోలీసులు అడిగితే జంగయ్య ఏదీ దాచలేదు. జాయింట్ పోయిందని తెలుసన్నాడు. తెలిసే తాళంచెవి ఇచ్చానన్నాడు. వాళ్లు కేసు రాసుకుని పంపారు.

వారం తరవాత వెంకట్రావు ఇంటి బెల్లు కొట్టాడు. సంగతంతా విని వెంకట్రావు కుర్చీలో కూలబడ్డాడు.

"కింద రెండున్నాయి జంగయ్యా. అడిగితే ఇవ్వనా?"

"గా దినం నేను గుంపుల ఉన్న సార్."

"చూశాను. రాయి వేసింది నువ్వు కాదుగా."

"ఆపలె గదా సార్."



అక్కడి నుంచి జంగయ్య సరూర్‌నగర్‌లో జానయ్య ఇంటికి పోయాడు. జానయ్య భార్య కిష్టమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. తాను వెంకట్రావు ఇంటి మెట్లెక్కి కూడా అడగకుండా తిరిగొచ్చిన సంగతీ, దొరకలేదని అబద్ధమాడిన సంగతీ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"ఎందుకు చెప్పినవ్ నాకు?" అంది. "ఇన్నొద్దులు గా బండినే తిట్టుకున్న. ఇగ నిన్ను జూసినప్పుడల్లా ఏం జెయ్యాలె నేను?"

లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. జంగయ్య చాలాసేపు ఆ వాకిట్లోనే నిలబడ్డాడు.