అబ్బయ్య మిక్సీ

ఉదయం ఆరున్నరకు మా ఇంట్లో మిక్సీ తిరిగేది, ఆ వెంటనే రేడియో గరగరలాడేది. మా ఆయన రేడియోను ఒకసారి మిక్సీ పక్కన, ఒకసారి గడప దగ్గర పెట్టి చెవి ఒగ్గేవారు. ఇప్పుడూ చట్నీకి మిక్సీ తిప్పుతాను. రేడియో మాత్రం అల్మారాలోనే ఉంటుంది.

ఆయన పేరు అబ్బయ్య. నాచారంలో మా ఇల్లు. యూనివర్సిటీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు అటెండరు. 1991లో అక్కడ ఒక కొత్త క్లాసు మొదలైంది. ఒక యంత్రం పక్కదాన్ని చెడగొట్టకుండా, పక్కదాని వల్ల తాను చెడకుండా ఎలా తయారుచేయాలో నేర్పే క్లాసు. దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు. నేను చదివింది ఐదో తరగతి. అయినా అన్నం తింటూ నాకు చెప్పేవారు.

"అరిసేటోడు ఒకడు, ఇనేటోడు ఒకడు, నడుమ తొవ్వ. మూడిట్ల ఒక్కటి ఆపితే చాలు, సువార్తా."

అరిచేది మిక్సీ, వినేది రేడియో, తొవ్వ అంటే గోల పోయే దారి. ఆ అరుపు చూపించడానికే మా మిక్సీలోని కెపాసిటర్ పీకేశారు. మోటారు గోల కరెంటు తీగలోకి పాకకుండా ఆపే చిన్న బిళ్ల అది. ఏటా జూలైలో మొదటి క్లాసుకు మిక్సీ, రేడియో సంచిలో పెట్టుకుని పోయేవారు. లెక్కలు చిదంబరం సార్ బోర్డు మీద రాసేవారు. పిల్లలకు తలకెక్కేది మా మిక్సీతోనే.

మొన్న ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయారు. యాభై ఒక్కేళ్లే.

జూలైలో ల్యాబ్‌లో పనిచేసే పోశయ్య వచ్చాడు.

"వదినా, ఈసారి మిక్సీ వద్దంటుండు సారు. గోల కొలిచే కొత్త మిషన్ వచ్చిందట. మిక్సీలు గిక్సీలు తెచ్చుడేంది, ఇది కాలేజా పెండ్లి వంటనా అన్నడు."

"మీ అన్న ఉన్నప్పుడు అన్నడా గీ మాట?"

పోశయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు.

"నేనే తెస్తున్నా అని చెప్పు. మిక్సీ నాది."

రెండూ ఆయన సంచిలోనే పెట్టుకుని బస్సెక్కి వెళ్లాను. "ఐదు నిమిషాలేనమ్మా" అన్నారు సార్. రెండూ ప్లగ్గులో పెట్టి మిక్సీ తిప్పాను. రేడియోలో పాట శుభ్రంగా వచ్చింది. గరగర లేదు.

"చట్నీ ఏదమ్మా?" అన్నాడు వెనక బెంచీవాడు. అందరూ నవ్వారు.

"అయిందా అమ్మా?" అన్నారు సార్, జాలిగా. ఆ జాలికి నాకు ఒళ్లు మండింది. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఏడుస్తూ పడి ఉన్న రోజుల్లో, మా మిక్సీ తిరిగితే తన టీవీలో గీతలొస్తున్నాయని పక్కింటి వెంకటనర్సమ్మ దాన్ని ఉప్పల్ మెకానిక్కు ఇచ్చి బాగుచేయించింది. వాడు బిళ్ల వేసేసి ఉంటాడు.

ప్లగ్గు తీశాను. మిక్సీ బోర్లించి, సంచి అడుగున ఉన్న ఆయన స్క్రూడ్రైవరుతో నాలుగు స్క్రూలు విప్పాను. కొత్త బిళ్ల మెరుస్తూ కనిపించింది. మిగిలిన కరెంటు పోయేలా దాని రెండు కాళ్లనూ స్క్రూడ్రైవరుతో కలిపి తాకించి, తర్వాత ఆయన కట్టరుతో కత్తిరించాను. నవ్వులు ఆగాయి. మూత బిగించి తిప్పితే రేడియో గరగరమంది.

"తొవ్వ ఏంది?" అని అడిగాను.

"గాలి" అన్నారు ఇద్దరు ముగ్గురు.

రేడియో ప్లగ్గు పీకి సెల్స్ మీద పెట్టాను. గోల సగానికి పైగా తగ్గింది.

"తీగ! ఎక్కువ తీగలోంచే వస్తుంది!" అని ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"ఈ పాఠం మీ అటెండర్ అబ్బయ్యది. పేరు రాసుకోండ్రి."

పెళ్లయ్యాక ఆయన పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి. పిల్లలు రాసుకున్నారు. "వచ్చే ఏడు కూడా వస్తారా అమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి. సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "వస్త" అన్నాను, సారుకూ వినబడేలా.

ఆదివారం గోడ మీంచి వెంకటనర్సమ్మ తొంగిచూసింది.

"మళ్ల గీతలొస్తున్నయ్ సువార్తమ్మా. గా బిళ్ల ఏసుకోరాదు జర."

"నీ సీరియల్ వచ్చేటప్పుడు రోట్లె నూరుకుంట. బిళ్ల మాత్రం ఎయ్య."

"ఎయ్యనీకి నీకు వస్తదా?"

"మంచిగ వస్తది."

బిళ్ల అగ్గిపెట్టెలో ఉంది. టంకం పెట్టడం ఆయనే నేర్పారు, పది నిమిషాల పని. అగ్గిపెట్టె మూసి అల్మారాలో పెట్టేశాను.