మోగని గిటారు

మా చిన్నప్పుడు... బిట్రగుంట రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్సులో డోరా ఆంటీ ఉండేది. ఇంజను డ్రైవరుగారి భార్య. సాయంత్రాలు వాళ్ళ వరండాలో కూర్చోబెట్టుకుని నాకు గిటారు నేర్పేది...

పంతొమ్మిదివందల అరవైల్లో వాళ్ళకి పెరంబూరు బదిలీ అయింది. సామాను కట్టేస్తూ, తన రెండు గిటార్లలో, డొల్ల చెక్కదో ఎలక్ట్రిక్‌దో, ఒకటి నాకిస్తానంది. ఏది ఇవ్వాలో తేల్చమని మా అమ్మని పిలిచింది. నా ప్రాణమంతా ఎలక్ట్రిక్ గిటారు మీదే!

ఆ పూట కరెంటు లేదు. ఉంటే ఆంటీ ఎలక్ట్రిక్‌దాన్ని వైరుతో రేడియో వెనక తగిలించి, రేడియోలోంచి వినిపించేదే. మా అమ్మ సంతలో కుండ బేరం చేసినట్టు రెండింటినీ వేలి కణుపుతో కొట్టి చూసింది. డొల్లగా ఉన్నది బుంగుమని మోగింది. ఎలక్ట్రిక్‌ది నిండు చెక్క, టక్కుమని ఊరుకుంది.

"ఇదేంది డోరమ్మగారూ, పీట మాదిరి ఉండాది! మోగనిదాన్ని ఏం చేసుకునేది?"

నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది...

"కొట్టి చూసేది కాదమ్మా, పాప చేతికియ్యండి" అంది ఆంటీ.

డొల్లదాని మెడ లావు, తీగలు ఎత్తు. గట్టిగా నొక్కేసరికి నా వేళ్ళు కందిపోయాయి. రెండోదాని మెడ గుప్పిట్లో ఇమిడింది, తీగలు తేలిగ్గా లొంగాయి. మెడలో వంకర లేదని, తీగలు బిగించే మరలు జారవని ఆంటీ చూపిస్తూనే ఉంది. అమ్మ అవేవీ చూడలేదు. నా వేళ్ళు పట్టుకుని ఊదుతూ కూర్చుంది.

"మోగకపోతే మోగకపాయె. బిడ్డకి నొప్పి లేనిదే ఇయ్యండి."

తీరా ఇంటికి తెస్తే మాకు రేడియో ఏదీ? ఎంత వాయించినా దోమ పాడినట్టే! అమ్మ మాత్రం వంట ముగించి, చెంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చునేది. గిటారు చెక్కకి చెవి ఆనించి కళ్ళు మూసుకునేది. ఆమె తల బరువు నా మోచేతికి తగులుతుండేది...

కొన్నాళ్ళకి నాన్న రేడియో కొన్నారు. తగిలించి వాయిస్తే వీధంతా వినపడింది. గర్వంగా అమ్మ వంక చూశాను.

"బాగానే ఉండాది గానీ... ఇంక నేను దగ్గర కూర్చునే పని లేకపాయె" అంది.

ఇప్పుడు మా మనవరాలికి ఫోనులో కొన్నవాళ్ళిచ్చిన స్టార్లు చూసి ఎలక్ట్రిక్ గిటారు తెప్పించారు. మంచిదే. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకుంటుంది, ఇంట్లో ఎవరికీ ఏమీ వినపడదు. నిన్న మెల్లగా వెళ్ళి దాని గిటారు చెక్కకి చెవి ఆనించాను. "ఏంటి అమ్మమ్మా!" అని నవ్వింది... జరగమనలేదు.

మీరు వాయించినా, పాడినా, అంత దగ్గరగా కూర్చుని విన్నదెవరు? చెప్పండి, చదువుకుంటాను...