నలభై ఒక్క చోట్ల వాన

పోయిన శ్రావణంలో ఒక గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఈ హడావిడి మొదలైంది.

నేను లక్సెట్టిపేటలో లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. చుట్టుపక్కల నలభై ఒక్క చోట్ల తెలిసిన ఆడవాళ్లు పొద్దున్నే డబ్బాలో పడ్డ వానను స్కేలుతో కొలిచి ఫోన్లో చెబుతారు. పద్దెనిమిదేళ్లుగా నోటుబుక్కులో రాసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడుతున్నాను. వానల పుస్తకం వేసేవాళ్లు ఆ లెక్క అడిగారు. ఆ సాయంత్రం ఐదింటిలోపు, ప్రతి వివరానికీ ట్యాగు అనే పేరుచీటీ తగిలించే ఎక్స్ఎంఎల్ ఫైలుగా అందాలి. ప్రతి లెక్కకూ ఆ ఊరి పేరే ట్యాగుగా ఉండాలి. లేకపోతే మా వాన లేకుండానే పుస్తకం అచ్చుకు పోతుంది.

నా ఫైలులో అన్నిటికీ ‘వరుస’ అనే ఒకటే ట్యాగు. ఊరి పేరు దాని లోపల ‘ఊరు’ అనే గడిలో ఉంటుంది. ఫైలు రూపం మార్చే స్టైల్‌షీట్‌లో నలభై ఒక్క ఊళ్లకు నలభై ఒక్క నియమాలు రాద్దామంది నెట్ సెంటర్ అమ్మాయి. ఒక్కటి చాలన్నాను: కొత్త ట్యాగు చెయ్యి, దాని పేరు ‘ఊరు’ గడిలోంచి తీసుకో. నెట్‌లో దొరికిన పాఠంలోని ఉదాహరణలో ఆ గడి పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు ఉన్నాయి. ఒక్క పదానికి బ్రాకెట్ ఎందుకని ముప్పై ఏళ్లు పిల్లల మార్కులు కోసిన చేయి నాది. తీసేశాను.

ఒంటిగంటన్నరకు ఫైలు వచ్చింది. అమ్మాయి పడీపడీ నవ్వింది.

“టీచరమ్మా, వానంతా ‘ఊరు’ అనే ఒక్క ఊళ్లనే పడ్డదట! గింతమంది ఉత్తగనే డబ్బాలు పెట్టిన్రు!”

బ్రాకెట్లు లేకపోతే అది గడిలోకి చూడదు, రాసిన మాటనే పేరుగా పెట్టేస్తుంది.

“ఇప్పుడు మీకెన్ని మార్కులు కోయాలె?”

“రెండు,” అని బ్రాకెట్లు తిరిగి పెట్టాను.

లక్సెట్టిపేట వచ్చింది, పెద్దపల్లి వచ్చింది, అలా నలభై వచ్చాయి. నలభై ఒకటోది ‘6 నంబర్ గని’ దగ్గర ఆగిపోయింది. శ్రీరాంపూర్ వైపు గనుల దగ్గర అందరూ అంకెతోనే చెబుతారు. ట్యాగు పేరు మాత్రం అంకెతో మొదలుకాకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. అక్కడ వాన కొలిచే ఆమెకు ఫోన్ చేశాను.

“చెల్లె, ‘గని-6’ అని రాస్తే నీకేమన్న ఫికరా?”

“పేరు ఎట్లన్న పెట్టుకో అక్కా, నా వాన మాత్రం తక్కువ చెయ్యకు.”

అంకెతో మొదలయ్యే పేరును అలా తిప్పి రాసే ఏర్పాటు చేశాను. పాత ఫైలులోని వాన, కొత్త ఫైలులోని వాన విడివిడిగా కూడి చూశాను. ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. నాలుగు గంటల నలభైకి పంపాను, నాలుగు యాభై రెండుకు అందిందని జవాబు వచ్చింది. “జీత్‌గయే టీచరమ్మా, గెల్సినం!” అని అమ్మాయి కుర్చీలోంచి ఎగిరింది. ఆ కేక వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది.

పోయినవి: ఒక పూట భోజనం, ఎప్పుడో నీళ్లు పడి చెరిగిన నోటుబుక్కు పేజీలో, ఏ ఫైలుకూ ఎక్కని పదకొండు రోజుల వాన.