నీలికళ్ల లెక్కలాయన

టాంటా ఊళ్లో ఇన్షిరాహ్ ఊరేసిన టర్నిప్ ముక్క వాసన తగిలితే చచ్చినవాడు లేచి రొట్టె అడుగుతాడు. అంత గిరాకీ. కానీ ఊరగాయల కొట్టు ఎలా ఉందని ఎవరడిగినా ఇరవై రెండేళ్లుగా ఆమె నోట ఒకటే మాట: "ఏం చెప్పను, మూసెయ్యాలనుంది." అంతా దిష్టి భయం. బాగుందని పైకి అన్న క్షణాన జాడీలన్నీ పగిలిపోతాయని ఆమె నమ్మకం.

పన్ను కాగితానికి గడువు ఇంకా మూడు రోజులే ఉంది. పక్కవీధి మిఠాయి ఫర్గలీ నిరుడు తనే నింపుకుని, ఒక గడిలో వెయ్యాల్సిన అంకె ఇంకో గడిలో వేశాడు. కొట్టుకి సీలు పడింది. పదకొండు నెలలు ఆఫీసు మెట్లెక్కి దిగేసరికి అతని మెడ చొక్కా కాలరులో గిలకలా తిరిగేది. అది తలుచుకుంటే ఇన్షిరాహ్‌కి ఆ కాగితం ముట్టుకోబుద్ధయ్యేది కాదు. మొగుడు పోయాక తన కొట్టే ఆమె బతుకు.

తెలిసిన లెక్కలాయన వగ్దీ ఒక్కడే. ఆయనవేమో నీలికళ్లు. నీలికళ్ల చూపు పడితే దిష్టి తప్పదని ఆ ఊరి నమ్మకం.

"ఆయన దగ్గరికా?" అంటూ ఇస్త్రీ దౌలత్ పెట్టె పక్కన పెట్టేసింది. "మా మరిది కొత్త మోటార్‌సైకిల్‌ని ఆయన ఒక్కసారి చూశాడే తల్లీ. సాయంత్రానికి కాలవలో తేలింది."

"నిద్రమత్తులో తోలాడేమో."

"నిద్ర తెప్పించింది ఎవరి చూపంటావ్?"

ఇన్షిరాహ్ తనే నింపుదామని కూర్చుంది. ఆదాయం అన్న గడి దగ్గర కలం గంటసేపు గాల్లోనే ఆగింది. నిజం కాగితం మీద రాయడానికి కూడా చెయ్యి రాలేదు. చివరికి జేబునిండా ఉప్పు పోసుకుని, రసీదుల సంచీ పట్టుకుని వగ్దీ గది మెట్లెక్కింది.

"కూర్చోండి, షాకిర్ వాళ్లమ్మగారూ," అన్నాడు వగ్దీ, ఊరివాడుకలో కొడుకు పేరుతో పిలుస్తూ. "వ్యాపారం ఎలా ఉంది?"

"ఏం చెప్పను, మూసెయ్యాలనుంది." నోరు దానంతటదే అనేసింది.

ఆయన ఏదో రాశాడు.

"ఏం రాశారు?"

"మీరు చెప్పిందే. నష్టమని. ఇక్కడ సంతకం పెట్టండి. కాకపోతే పోయిన నెల నాలుగు బళ్ల నిమ్మకాయలు కొన్నట్టు మీ సంచీలోనే రసీదులున్నాయి. నష్టంలో ఉన్న మనిషికి అన్ని నిమ్మకాయలెందుకని ఆఫీసువాళ్లు అడిగితే?"

ఆమె కాగితాన్ని వెనక్కి నెట్టింది. అబద్ధం మీద సంతకం పెడితే కొట్టు పోతుంది. నిజం చెబితే జాడీలు పోతాయి. లేచి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

"బాగుంది." చీమైనా ఒంగి వినాల్సినంత చిన్నగా అంది.

"ఎంత బాగుంది?"

"ముందు మీరు అటు తిరగండి బాబూ."

వెనక సొరుగు లాగిన చప్పుడయింది. ఓరగా చూస్తే ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుంటున్నాడు.

"పన్నుల నెల మార్చి వస్తే ఇవి లేందే పని జరగదు. మీ వీధినుంచి మీరు తొమ్మిదోవారు. ఆ కుర్చీ కాళ్లు చూడండి, తిప్పితిప్పి అరిగిపోయాయి. ఇక చెప్పండి."

ఆమె గోడకి చెప్పింది. ప్రతి అంకెకీ జేబులో ఉప్పు పిసుకుతూనే ఉంది. సంతకం పెట్టేటప్పుడు కలం నిండా ఉప్పే.

మర్నాడు పొద్దున షట్టరు సగం ఎత్తి, వంగి జాడీలు లెక్కపెట్టింది. అరవై మూడింట్లో ఒకటి, దోసకాయలది, నిలువునా చీలి ఉంది.

"నేను చెప్పలా?" అంది వెనకనుంచి దౌలత్.

ఇన్షిరాహ్ గుండెమీద చెయ్యి పెట్టుకుని ఇంకోసారి లెక్కపెట్టింది. "ఒక్కటేనే," అని షట్టరు పూర్తిగా ఎత్తింది.