నొక్కకుండా పట్టుకున్న చెయ్యి

విశాఖలో స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో, అక్కడ పనిలో చేరిన మా ఆయన దగ్గరికి కర్నూలు నుంచి వెళ్లాను. వన్ టౌన్‌లో బస్సెక్కేసరికి తల పగిలిపోతోంది, కణతలు పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్న ముసలామె నా చెయ్యి లాక్కుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద వేలు పెట్టి, నొక్కబోతూ ఆగింది.

"కడుపుతో ఉన్నావేటమ్మా?"

మూడో నెల. అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. ముక్కూమొహం తెలియని మనిషి అలా అడిగేసరికి కోపమొచ్చింది. అయినా తలూపాను.

ఆమె వేలు తీసేసింది.

"మా ఆయన ఓడ మీద కలాసీ. ఆ ఓడలో వంటోడు, సీనా దేశపోడు, తలనొప్పికి ఈ నొక్కుడు నేర్పినాడు. కడుపుతో ఉన్నోళ్లకి నొక్కొద్దని కూడా సెప్పినాడంట. మగోళ్ల ఓడలో ఆ మాటతో పనేటి? మా ఆయన మరిసిపోనాడు. నాను నా కూతురికి రోజూ నొక్కినాను. ఐదో నెల్లో కడుపు పోనాది. అప్పుడు గురుతొచ్చినాది ఆయనకి."

"దానివల్లే అయ్యుండదులే అవ్వా."

"అందరూ అదే అంటారు. ఏలు నాది గదమ్మా."

గాజువాక దాకా నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. తలనొప్పి తగ్గలేదు. చెయ్యి మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.